బిల్ వాల్ష్‌ను అమెరికన్ ఫుట్‌బాల్‌లో అంత గొప్ప కోచ్ అని ఎందుకంటారు?

మూడు సూపర్ బౌల్‌లు (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్స్) గెలిపించాడు కాబట్టి అని చెప్పొచ్చు. కానీ అసలు గొప్పతనం ఆయన ఆడించిన తీరులో ఉంది.

1970లో ఆయన సిన్సినాటి బెంగాల్స్ టీమ్‌లో అసిస్టెంట్ కోచ్. బంతిని బాగా దూరం విసిరే క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసురుతూ దాడిని నడిపే ఆటగాడు) గ్రెగ్ కుక్ భుజం దెబ్బతో ఆటకు దూరమయ్యాడు. ఆ స్థానంలోకి వచ్చిన వర్జిల్ కార్టర్‌కు చేతిలో అంత బలం లేదు, గురి మాత్రం ఉంది. దాంతో వాల్ష్ చిన్న చిన్న పాస్‌లతో, మైదానం వెడల్పంతా వాడుకునే ఆట తయారుచేశాడు. అదే తర్వాత 'వెస్ట్ కోస్ట్ అఫెన్స్' అనే దాడి పద్ధతి అయింది.

1979లో హెడ్ కోచ్‌గా శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ టీమ్ పగ్గాలు పట్టాడు. మొదటి సీజన్‌లో 16 మ్యాచ్‌లకు గెలిచినవి రెండే! 1981 సీజన్‌కల్లా ఛాంపియన్లు. కొత్త ఆటగాళ్లను టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మూడో రౌండ్ దాకా ఎవరికీ పట్టని క్వార్టర్‌బ్యాక్ జో మోంటానాను ఎంచుకున్నది కూడా వాల్షే.

మ్యాచ్‌లో మొదట ఆడించే 15 దాకా ఎత్తుగడలను ముందే కాగితం మీద రాసిపెట్టుకునేవాడు. మైదానంలో టెన్షన్ మధ్య బుర్ర సరిగ్గా పనిచేయదని ఆయన లెక్క. ఇప్పుడు ఈ అలవాటు లేని టీమ్‌లు అరుదు.

1988 సీజన్ టైటిల్‌తో తప్పుకున్నాడు. ఆయన దగ్గర పనిచేసిన మైక్ హోమ్‌గ్రెన్ గ్రీన్‌బే టీమ్‌కి సూపర్ బౌల్ తెచ్చాడు. హోమ్‌గ్రెన్ శిష్యుడు ఆండీ రీడ్ కాన్సాస్ సిటీకి మూడు తెచ్చాడు.