బెలారూసియన్ కవయిత్రి లరిసా హెనియూష్ సోవియట్ ఖైదు శిబిరం నుంచి 1956లో విడుదలయ్యారు కదా, అంటే ఆమెపై కేసు కొట్టేసినట్టేనా?

కాదు. తెలుగులో ఈ పొరపాటు ఒక మాట దగ్గర మొదలవుతుంది. సోవియట్ సందర్భంలో ‘రిహాబిలిటేషన్’ అంటే పునరావాసం కాదు. పాత తీర్పును రద్దు చేసి, ఈ మనిషి నేరం చేయలేదని అధికారికంగా రాసివ్వడం. స్టాలిన్ పోయాక ఎంతోమంది ఖైదీలకు అది దక్కింది, ఈ కవయిత్రికి దక్కలేదు. 1956లో జరిగింది శిక్ష తగ్గింపు మాత్రమే. 25 ఏళ్లను 8 ఏళ్లకు కుదించారు. అరెస్టయింది 1948 మార్చిలో కాబట్టి గడువు తీరిపోయింది, వదిలేశారు. నేరం కాగితం మీద అలాగే ఉండిపోయింది. ఆమెతోపాటే శిక్ష పడిన భర్త యాంకాదీ అదే పరిస్థితి.

అసలు కేసేమిటంటే, లరిసా 1910లో వావ్‌కవీస్క్ ప్రాంతంలో పుట్టారు. భర్త వైద్యుడు, ఆయన చదువుకున్న ప్రాగ్‌కు 1937లో వెళ్లారు. 1939లో సోవియట్ సైన్యం పశ్చిమ బెలారూస్‌లోకి వచ్చాక తండ్రిని కాల్చి చంపారు, తల్లినీ చెల్లెళ్లనూ కజకిస్తాన్‌కు తరలించారు. ప్రాగ్‌లో ఆమె 1918లో స్వతంత్రం ప్రకటించుకుని ఎక్కువ కాలం నిలవని బెలారూసియన్ జనతా గణతంత్రం తాలూకు ప్రవాస ప్రభుత్వానికి ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1943లో దాని అధ్యక్షుడు వసీల్ జఖార్కా చనిపోయాక ఆ ప్రభుత్వపు దస్తావేజులు ఆమె సంరక్షణలోకి వచ్చాయి. చెకోస్లొవేకియాలో అరెస్టు చేసి సోవియట్‌కు అప్పగించాక, మిన్‌స్క్‌లో భద్రతా మంత్రి త్సనావా స్వయంగా విచారించింది ఆ దస్తావేజుల కోసమే. ఆమె ఇవ్వలేదు. 1949 ఫిబ్రవరి 7న తీర్పు వచ్చింది. ఆమె తొలి కవితా సంపుటి 1942లో, నాజీల ఆక్రమణలో ఉన్న ప్రాగ్‌లో అచ్చయింది. ఆమె గురించి రాసేవాళ్లు ఆ సంగతి దాటవేయకూడదు. కానీ దాన్నొక్కదాన్నే పట్టుకుని మిగతాదంతా వదిలేయడం అన్యాయం.

ఆమె ఉన్న ఖైదు శిబిరాలు రష్యా ఉత్తరాన కోమీ ప్రాంతంలోని ఇంతా, అబెజ్, ఆ తర్వాత రష్యాలోనే మొర్దోవియా. కవిత రాసిన కాగితం దొరికితే మళ్లీ శిక్ష. అందుకే కవితలు తోటి ఖైదీల నోళ్లలో బతికాయి, ఒకరు కంఠస్థం చేసి ఇంకొకరికి అప్పజెప్పేవారు. వాటికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘గ్లూకోజ్’. ఆ కవితలకు ఇంతకంటే పెద్ద ప్రశంస ఇంకేదీ లేదని నా నమ్మకం.

బయటికొచ్చాక బెలారూస్‌లోని భర్త సొంతూరు జెల్వాలో ఉన్నారు. సోవియట్ పౌరసత్వం తీసుకోలేదు. 1983 ఏప్రిల్ 7న పోయేదాకా ఏ దేశ పౌరురాలూ కాకుండానే, నిఘా నీడలోనే గడిపారు. విడుదలైన పదకొండేళ్లకు గాని, అంటే 1967 దాకా, పుస్తకం రానివ్వలేదు. దాని పేరు ‘నేవదమ్ జ్ న్యోమనా’. నేవద్ అంటే మన అలివి వల లాంటిది, న్యోమన్ అక్కడి నది. ఆ తర్వాత పిల్లల పుస్తకాలు కూడా వచ్చాయి.

చదవాలనుకుంటే ‘స్పోవెద్జ్’ అనే ఆత్మకథతో మొదలుపెట్టండి. ఆ మాటకు అర్థం పాప నివేదన. ఆమె పోయిన ఏడేళ్లకు, 1990లో అది పత్రికలో వెలుగు చూసింది. వెతికేటప్పుడు ఒక చిక్కుంది: బెలారూసియన్‌లో ఆమె ఇంటిపేరు మొదటి అక్షరం ‘హ’లా పలుకుతుంది, రష్యన్‌లో ‘గ’ అవుతుంది. హెనియూష్, గెనియూష్ రెండు రూపాల్లోనూ వెతకండి. ఒక్క రష్యన్ రూపంతో వెతికితే ఆమె రాసిన భాషలోని పాఠాలే తప్పిపోతాయి.