‘ఫెలోషిప్’ అంతటా స్నేహమేనా?

మీ తెలుగు అనువాదంలో ఇంగ్లీషు ‘ఫెలోషిప్’ వచ్చిన మూడు వాక్యాల్లోనూ ‘స్నేహం’ అని రాశారు, మూడూ అతకడం లేదన్నారు. అతకవు. స్నేహం ఇద్దరి మధ్య ఇష్టం. ఫెలోషిప్‌లో ఇష్టం కంటే ముందు కలిసి పంచుకునేది ఒకటి ఉండాలి. ‘ఫెలో’ పాత నార్స్ (స్కాండినేవియా ప్రాచీన భాష) నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. ఉమ్మడి వ్యవహారంలో తన సొమ్ము పెట్టిన భాగస్వామి అని మొదటి అర్థం. మన ‘పొత్తు’ దీనికి ఎంత దగ్గరో చూడండి! పొత్తు వ్యవసాయం అంటాం. పొత్తున కుడవడమంటే కలిసి తినడం.

మీ మొదటి వాక్యంలో ఇంగ్లీషు మాటనే ఉంచి ‘పరిశోధనకు ఫెలోషిప్ వచ్చింది’ అని రాయండి. పత్రికలూ అలాగే రాస్తాయి. చర్చి గురించిన రెండో వాక్యంలో ‘సహవాసం’ పెట్టండి. తెలుగు బైబిలులో స్థిరపడిన మాట అదే, విశ్వాసులు వెంటనే గుర్తుపడతారు.

చిక్కంతా మూడోదానితో. వృద్ధాశ్రమంలో సాయంత్రాలు ఒకే అరుగు మీద కూర్చునే పెద్దవాళ్ల గురించి కదా. అక్కడ సహవాసం వద్దు. వాడుకలో అది ‘సావాసం’గా మారి కాస్త చెడు వాసన తెచ్చుకుంది, ‘ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు’ అని ఊరికే అనలేదు. ‘సాంగత్యం’ తప్పు కాదు గానీ ఆ అరుగు మీద బిగుసుకుపోయినట్టు ఉంటుంది. నేనైతే ‘ఆయనకు అక్కడ నలుగురి తోడు దొరికింది’ అని రాస్తాను. ‘నలుగురి’ అన్న మాట మాత్రం తీసేయకండి, ‘ఫెలోషిప్’లో ‘షిప్’ చేసే పని ఇక్కడ చేస్తున్నది అదే.