చెవి కింద గడ్డ, వంకరపోయిన మూతి: రెండూ వేర్వేరు జబ్బులనుకోవద్దు

ప్రశ్న: నా వయసు 53. మాది చంద్రగిరి. షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. ఎడమ చెవి కింద మూడేళ్లుగా ఉసిరికాయంత గడ్డ ఉంది. నొప్పి లేదని పట్టించుకోలేదు. ఆపరేషన్ చేస్తే మూతి వంకరపోతుందని తెలిసినవాళ్లు భయపెట్టారు. నాలుగైదు నెలల్లో అది నిమ్మకాయంత అయింది. నెలన్నరగా మూతి మెల్లమెల్లగా కుడివైపుకు లాగుతోంది, ఎడమ కన్ను పూర్తిగా మూతపడటం లేదు. పక్షవాతమని కొందరు, చలిగాలి తగిలిందని కొందరు అన్నారు. మెడికల్ షాపులో ఇచ్చిన పొట్లం మాత్రలు వారం వాడితే కాస్త తగ్గినట్టుండి మళ్లీ మొదటికొచ్చింది. ఆకుపసరు పట్టు కూడా వేశాం. ఈమధ్య నోరు బాగా ఎండిపోతోంది. ముఖానికి కరెంటు పెట్టించుకోమంటున్నారు. ఎన్ని రోజులు పెట్టించాలి? నోరు ఎండకుండా ఏం తినాలి?

డాక్టర్ సలహా: మీరు అడిగిన రెండింటి సంగతి తర్వాత చూద్దాం. నాకు కంగారుగా ఉన్నది వేరే విషయం. చెవి కింద గడ్డ ఉంది, ఈమధ్య త్వరగా పెరిగింది, అదే వైపు ముఖం పడిపోయింది. ఈ మూడూ ఒక్కచోట కలిస్తే, కాదని తేలేదాకా క్యాన్సర్‌గానే అనుమానించి పరీక్షలు చేస్తాం. మీకు క్యాన్సరేనని అనడం లేదు. చేత్తో తాకి చూడకుండా, రాసిన నాలుగు ముక్కలు చదివి ఆ మాట ఎవరూ చెప్పలేరు. కానీ ఈ వారంలోనే ఈఎన్‌టీ డాక్టరుకో, తల మెడ సర్జరీలు చేసే డాక్టరుకో చూపించుకోండి. పండగ అయ్యాక, పంట చేతికొచ్చాక అని వాయిదా వేయొద్దు.

గడ్డకూ మూతికీ ఏం సంబంధమని మీరు అనుకుంటూ ఉండొచ్చు. చెవికి ముందూ కిందా, దవడ ఎముకను చుట్టుకుని ఉండేది పరోటిడ్ గ్రంథి. లాలాజల గ్రంథుల్లో అన్నిటికన్నా పెద్దది. దాని గొట్టం 5 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, చెంప లోపల పై వరసలో నమిలే పెద్ద పళ్లలో రెండోదాని ఎదురుగా తెరుచుకుంటుంది. (అద్దంలో చూస్తే అక్కడ చిన్న బుడిపె కనిపిస్తుంది.) ముఖాన్ని కదిలించే ఏడో కపాల నాడి (మెదడు నుంచి నేరుగా వచ్చే నాడుల్లో ఏడోది) చెవి వెనక ఎముకలోని రంధ్రం గుండా బయటికి వచ్చి నేరుగా ఈ గ్రంథిలోకే దూరుతుంది. లోపలే ఐదు శాఖలుగా చీలుతుంది. అరచేతి మణికట్టు చెవి కింద పెట్టి, వేళ్లు చెంప మీద విప్పార్చితే ఆ శాఖల దారి ఇంచుమించు తెలుస్తుంది: నుదురు, కన్ను, చెంప, కింది పెదవి, మెడ. విచిత్రమేమంటే ఈ నాడి పరోటిడ్‌కు చేసే పని ఏమీ లేదు, దారిలో ఉంది కాబట్టి దూరి వెళ్తుందంతే. ఆ గ్రంథిలో లాలాజలం ఊరించేది తొమ్మిదో నాడి.

మామూలు గడ్డ ఎంత పెరిగినా సాధారణంగా నాడిని పక్కకు జరుపుతుంది తప్ప చంపదు. లాలాజల గ్రంథుల గడ్డల్లో సుమారు 80 శాతం పరోటిడ్‌లోనే వస్తాయి, వాటిలో మళ్లీ 80 శాతం దాకా ఇలాంటి మామూలువే. మూడేళ్లు నొప్పి లేకుండా ఉందంటే మీదీ మొదట ప్లియోమార్ఫిక్ ఎడినోమా అనే మామూలు గడ్డే అయి ఉండొచ్చు. ఏళ్ల తరబడి వదిలేస్తే అందులో కొన్ని స్వభావం మార్చుకుంటాయి. మారినప్పుడు కనిపించే గుర్తులు ఇవే: ఉన్నట్టుండి పెరగడం, గట్టిపడి కదలకపోవడం, నొప్పి రావడం, ముఖం పడిపోవడం. ఆపరేషన్ చేస్తే మూతి వంకరపోతుందని మూడేళ్లు ఆగారు. ఆపరేషన్ లేకుండానే మూతి వంకరపోయింది కదా! కోప్పడుతున్నానని అనుకోకండి, ఈ మాట మీకు చెప్పినవాళ్లు ఇంకా ఎంతమందికి చెబుతున్నారో.

ఇది చలిగాలి వల్ల వచ్చిందని జనం అనుకునే బెల్స్ పాల్సీ కాదా అంటే, అది ఇలా రాదు. రాత్రి బాగానే పడుకుని పొద్దున లేచేసరికి వస్తుంది, లేదా 72 గంటల్లో పూర్తవుతుంది. వారాల తరబడి మెల్లగా ముదరదు. ఎక్కువమందికి కొన్ని వారాల్లో కదలిక మొదలవుతుంది. మెదడులో వచ్చే పక్షవాతంలో అయితే నుదురు మామూలుగా ముడతలు పడుతుంది, కింది సగమే పడిపోతుంది. అద్దం ముందు కనుబొమలు పైకెత్తి చూడండి. మీకు ఎడమవైపు నుదురు కూడా కదలకపోతే దెబ్బ సాధారణంగా మెదడులో కాదు, నాడిలోనే. అయినా ఎప్పుడైనా హఠాత్తుగా చేయి, కాలు పడిపోయినా, మాట తడబడినా ఈ లెక్కలేవీ వేయకండి, వెంటనే 108. పక్షవాతంలో మెదడు రక్తనాళానికి అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు ఉండేది నాలుగున్నర గంటలే.

ఇంకో రెండు ప్రశ్నలు మిమ్మల్ని డాక్టరు అడుగుతారు, ముందే గమనించుకోండి. నాలుక ముందు భాగంలో ఎడమవైపు ఉప్పు, తీపి తెలుస్తున్నాయా? ఎడమ చెవికి శబ్దాలు మరీ పెద్దగా వినిపిస్తున్నాయా? రుచి నాడి, చెవి లోపలి చిన్న కండరానికి వెళ్లే కొమ్మ, రెండూ ఎముక లోపలే విడిపోతాయి. రుచి, వినికిడి బాగుండి ముఖం మాత్రమే పడిపోతే లోపం ఎముక బయట, అంటే గ్రంథిలో ఉందని అనుమానం బలపడుతుంది. చెంప మొద్దుబారితే అది కూడా చెప్పండి. అది ముఖానికి స్పర్శ తెలిపే ఐదో నాడి పని.

ఇప్పుడు ఆ పొట్లం మాత్రలు. పేరు రాయలేదు, మీకు తెలియదనే అనుకుంటున్నాను. వారంలో కాస్త తగ్గి, ఆపగానే మళ్లీ వచ్చిందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని నా అనుమానం. బెల్స్ పాల్సీకి తొలి మూడు రోజుల్లో మేమూ స్టెరాయిడ్ ఇస్తాం, అది నిజమే. అదెందుకో, ఎవరికో, ఎంత మోతాదో చూసి ఇస్తాం. గడ్డ ఉన్నవాళ్లు ఇలా వాడితే చుట్టూ ఉన్న వాపు తగ్గి జబ్బు తగ్గినట్టు కనిపిస్తుంది, అసలు గడ్డ లోపల తన పని తాను చేసుకుంటుంది. ఇంకా పెద్ద చిక్కు ఉంది. పరోటిడ్ లోపల లింఫ్ గ్రంథులు కూడా ఉంటాయి, అక్కడ లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) రావచ్చు, టీబీ రావచ్చు. లింఫోమా ఉన్నవాళ్లు స్టెరాయిడ్ మింగితే గడ్డ తాత్కాలికంగా కరిగి, తర్వాత తీసిన ముక్కలో జబ్బే పట్టుబడదు. టీబీ ఉంటే స్టెరాయిడ్ దాన్ని రెచ్చగొడుతుంది. ఇంకా మిగిలి ఉంటే వేసుకోవద్దు. రెండు మూడు వారాలకు మించి వాడినవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

మీ నోరు ఎండటానికి కూడా ఆ మాత్రలే కారణం కావచ్చు. ఒక్క పరోటిడ్ పని చేయకపోతే నోరు ఎండదు. తిననప్పుడు నోరు తడిగా ఉంచేది ఎక్కువగా దవడ కింది గ్రంథులే. స్టెరాయిడ్ షుగర్‌ను పెంచుతుంది, షుగర్ పెరిగితే నోరెండుతుంది, మూత్రం ఎక్కువ పోతుంది. రేపే పరగడుపున, తిన్నాక రెండు గంటలకు షుగర్ చూపించుకోండి, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా. దీనికి తినాల్సిన పదార్థమేమీ లేదు.

పట్టు వేసిన చోట చర్మం కాలిందా చూసుకోండి. పుత్తూరు కట్టు మీద మన వైపు ఉన్న నమ్మకం తెలిసిందే, కానీ అది ఎముకల సంగతి. గ్రంథిలో గడ్డకు పసరు, సున్నం, వేడి కాపడం ఏదీ పనికిరాదు. గట్టిగా రుద్దించుకోవద్దు. చీము గడ్డేమో కోసి పిండేద్దామని ఎవరైనా అంటే అసలే వద్దు. కోస్తే నాడి తెగొచ్చు, కణాలు చర్మంలోకి పాకొచ్చు.

పరీక్షలు ఇలా ఉంటాయి. మొదట అల్ట్రాసౌండ్, దాన్ని చూస్తూనే సన్నటి సూదితో కణాలు తీసే ఎఫ్ఎన్ఏసీ. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందనే మాట వినే ఉంటారు. ఇంత సన్నటి సూదితో ఆ ప్రమాదం దాదాపు ఉండదు. ఒకటి గుర్తుంచుకోండి: ఎఫ్ఎన్ఏసీలో క్యాన్సర్ లేదని వచ్చినా, ముఖం పడిపోయి ఉంటే ఆ రిపోర్టును నమ్మి ఇంటికి వెళ్లడానికి లేదు. తర్వాత నరంలోకి ఎక్కించే మందు, అంటే కాంట్రాస్ట్‌తో ఎంఆర్ఐ, అంతకుముందు కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష. మెడ వరకే తీయించుకుని వచ్చేస్తుంటారు చాలామంది. ముఖాన్ని కదిలించే ఈ ఏడో నాడి మెదడు కాండం దగ్గర పుట్టి, మెదడు పొరల మధ్య ద్రవం దాటి, ఎనిమిదో నాడితో కలిసి చెవి ఎముకలోకి దిగుతుంది. కొన్ని క్యాన్సర్లు నాడిని పట్టుకుని అదే దారిలో వెనక్కి, మెదడు పొరల దాకా పాకుతాయి. కాబట్టి చెవి ఎముక, మెదడు కాండం కూడా ఫిల్ములో రావాలి. మాడు, చెవి, ముఖం మీద మానని పుండు ఉన్నా చూపించండి, అక్కడి క్యాన్సర్ కూడా ఈ గ్రంథిలోకే దిగుతుంది. తిరుమలలో తలనీలాలు ఇచ్చినప్పుడు కనిపించి మర్చిపోయిన మచ్చలు కొన్ని అలాంటివే.

మామూలు గడ్డకు చేసే ఆపరేషన్‌లో ముందు నాడిని వెతికి పట్టుకుని, దాన్ని కాపాడుకుంటూ గడ్డ తీస్తారు. కొందరికి కొన్ని వారాలో నెలలో ముఖం బలహీనంగా ఉండి కోలుకుంటుంది, శాశ్వతంగా పోవడం తక్కువే. చెవి తమ్మె మొద్దుబారడం, కొన్నాళ్ల తర్వాత తినేటప్పుడు చెంప మీద చెమట పట్టడం ఉండొచ్చు. క్యాన్సరై నాడిలోకి దిగి ఉంటే ఆ భాగం తీసి వేరే నాడి ముక్క అతకాల్సి రావచ్చు, తర్వాత రేడియేషన్ ఉండొచ్చు. మీకు ఏది అవసరమో చూసిన సర్జనే చెప్పాలి.

తిరుపతిలో రుయా ఈఎన్‌టీ విభాగం, స్విమ్స్, అలిపిరి దగ్గర క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి; చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర. ఖర్చు గురించి బయట విచారించొద్దు, ఆసుపత్రిలో ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటరులో అడగండి.

కన్ను మాత్రం ఇవాళ్టి నుంచే కాపాడుకోవాలి. మూతపడని కంటి నల్లగుడ్డు ఎండి పుండు పడితే చూపు పోతుంది. పగలు రెండు గంటలకోసారి కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం చుక్కలు, రాత్రి కంటి లూబ్రికెంట్ ఆయింట్‌మెంట్ పెట్టి, రెప్ప మూసి మైక్రోపోర్ టేపు. రెప్ప తెరిచి ఉండగా దూది ఒత్తిపెట్టొద్దు. స్టెరాయిడ్ కలిసిన చుక్కలు షాపులో ఇచ్చినా వేయొద్దు. ఎర్రబడినా, చూపు మసకబారినా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి.

కరెంటు పెట్టించడం ప్రస్తుతానికి వద్దు. గడ్డ ఏంటో తేలకుండా ముఖానికి కరెంటు ఇచ్చి ఉపయోగం లేదు, ఆ రోజులన్నీ వృథా. వెళ్లేటప్పుడు షుగర్ చీటీలు, పొట్లంలో మిగిలిన మాత్రలు ఉంటే అవీ తీసుకెళ్లండి. లేకపోతే ఆ షాపుకెళ్లి ఏం ఇచ్చారో పేరు, మోతాదు కాగితం మీద రాయించుకోండి.