ఇంగిలీకం ఎరుపు, కజ్జలి నలుపు

ప్రశ్న: సార్, మా తాతయ్య చేర్యాల పటాలు గీసేవారు. ఎరుపు కోసం ఇంగిలీకం నూరేవారు. మొన్న మా ఊరి ఆయుర్వేద వైద్యుని దగ్గర కజ్జలి అనే మందుపొడి చూశాను, కాటుకలా ఉంది. రెండూ పాదరసం, గంధకమే అన్నారు. నమ్మాలా? తాతయ్య పటంలో ఎరుపు కూడా అంచుల్లో నల్లబడుతోంది.
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: నమ్మవచ్చునమ్మా. రెండూ మెర్క్యూరిక్ సల్ఫైడే. ఒక పాదరస పరమాణువుకు ఒక గంధక పరమాణువు. లెక్కలో తేడా లేదు, కూర్పులో ఉంది. ఇంగిలీకంలో అవి ఒకటి విడిచి ఒకటిగా చేరి, మెలి తిరిగిన గొలుసులుగా సాగుతాయి. ప్రతి పాదరసానికీ రెండు గంధకాలే దగ్గరి చుట్టాలు. కజ్జలిలో గొలుసులు లేవు. ఒక్కో పాదరసాన్ని నాలుగు గంధకాలు చుట్టూ పట్టుకుంటాయి. పురి పెట్టిన నులక తాడుకూ, అదే నులకతో అల్లిన మంచానికీ ఉన్న తేడా అనుకోండి. హనుమకొండలో పాఠం చెప్పే రోజుల్లో ఈ పోలికకు వెనక బెంచీ వాళ్లు నవ్వేవారు, పరీక్షలో మాత్రం అదే రాసేవారు.

గొలుసుల కూర్పు నీలం, ఆకుపచ్చ కాంతులను మింగి ఎరుపును వదిలేస్తుంది. రెండో కూర్పు ఎరుపును కూడా మింగేస్తుంది.

అసలు చిక్కు వేరే ఉంది. మామూలు వేడిలో నిలకడైన రూపం ఎరుపే. సుమారు 344 డిగ్రీల సెల్సియస్ దాటితేనే నలుపుది పైచేయి. మరి పాదరసం, గంధకం కలిపి నూరే చల్లని కల్వంలో కజ్జలి నల్లగా ఎందుకు పుట్టింది? నూరేటప్పుడు పరమాణువులు ముందు అందిన కూర్పులో కుదురుకుంటాయి. అక్కడి నుంచి లేచి మళ్లీ సర్దుకునేంత శక్తి వాటికి దొరకదు. అందుకే సీసాలో ఏళ్ల తరబడి నల్లగానే ఉంటుంది. వైద్యులు దాన్ని కాచకుప్పిలో, అంటే గాజు సీసాలో పోసి, ఇసుకలో పెట్టి కాలుస్తారు. ఆవిరై పైకి లేచినది కుప్పి మెడ దగ్గర ఎర్రగా పేరుకుంటుంది. అదే రససిందూరం, అంటే మీ తాతగారి ఇంగిలీకమే, దొడ్డిదారిన వచ్చింది!

పటం సంగతి వేరు. వెలుగుకు క్లోరైడు లవణాలు తోడైతే ఇంగిలీకపు ఎరుపు నల్లబడుతుంది. ఎండ పడని గోడకు మార్చండి, తడిగుడ్డతో తుడవకండి. ఇంట్లో ఇంగిలీకం మిగిలి ఉంటే, రంగు మారుతుందేమో చూద్దామని పొయ్యి మీద మాత్రం పెట్టకండి. వచ్చేది పాదరసపు ఆవిరి.