బాపు రిపోర్టుల ‘పీ63 నెగటివ్’ అని ఉంది, మంచిదేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు. మా బాపుకు 67 ఏండ్లు, రెండేండ్ల సంది రాత్రి నాలుగైదు సార్లు మూత్రానికి లేస్తున్నడు, మేం వయసు వల్లనే అనుకున్నం. మొన్న హన్మకొండల చూపిస్తే మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి సంగతి అన్నరు, పీఎస్ఏ అనే రక్త పరీక్ష 9.2 వచ్చింది, ప్రోస్టేట్ ముక్క పరీక్ష చేసిండ్రు. గ్లీసన్ 3+4=7 అని రాసి, కింద పీ63 నెగటివ్, ఏఎంఏసీఆర్ పాజిటివ్ అని ఉంది. నెగటివ్ అంటే మంచిదే కదా అంటది మా అక్క. గడ్డల ఉన్న ప్రొటీన్లను చూసి రోగం ముందుముందు ఎట్ల పోతదో చెప్తరట, నిజమేనా? బాపుకు ఇంకా ఏం చెప్పలే.

జవాబు: తమ్ముడూ, అక్కకు నెమ్మదిగ చెప్పండి, ఇక్కడ నెగటివ్ అంటే మంచిదని కాదు. నేను పొద్దంత మైక్రోస్కోపు ముందర కూసుండే పాథాలజిస్టును, ఆ రెండు లైన్లు నాకు ఎట్ల కనవడ్తయో చెప్త. సూదితోని తీసిన ముక్క సేమియా పోగంత సన్నగ ఉంటది, దాన్ని పాడుగాకుండ ఫార్మలిన్ అనే మందుల ఉంచి, మైనంల పోసి బ్లాక్ చేసి, పల్చగ కోసి స్లైడ్ మీద పరుస్తం. మంచి గ్రంథి చుట్టు బేసల్ కణాలని ఒక వరుస ఉంటది, చేను చుట్టు కంచె లెక్క. పీ63 అనే ప్రొటీన్ ఆ కంచె కణాలల్ల ఉంటది, దాన్ని పట్టుకునే రంగు వేస్తే గ్రంథి చుట్టూ గోధుమ రంగు చుక్కలు వరుసగ తేల్తయి. క్యాన్సర్ గ్రంథికి ఆ కంచె ఉండదు, ఎంత వెతికినా చుక్క దొరకది, అదే పీ63 నెగటివ్. ఏఎంఏసీఆర్ అనే ప్రొటీన్ దీనికి ఉల్టా, క్యాన్సర్ కణాలు దాన్ని ఎక్కువ తయారు చేస్తయి కాబట్టి అవే ముదురు రంగు పడ్తయి. కణాల ఆకారానికి ఈ రెండూ తోడైతే క్యాన్సర్ అని ధైర్యంగ రాస్తం.

పీఎస్ఏ గూడ ప్రొటీనే, కానీ దాన్ని మంచి ప్రోస్టేట్ గూడ చేస్తది, వీర్యాన్ని పల్చగ చేసుడు దాని పని. అమెరికాల 1986ల ఆ పరీక్షకు అనుమతి ఇచ్చింది రోగం తెలిసినోళ్లను గమనించుకోవడానికే, రోగం పట్టడానికి 1994ల ఇచ్చిండ్రు. 4 నుంచి 10 మధ్య ఉన్నోళ్లకు ముక్క తీస్తే సుమారు నలుగురిల ఒక్కరికే క్యాన్సర్ కనవడ్తది, మిగతావాళ్లకు పెరిగిన గ్రంథో ఇన్ఫెక్షనో ఉంటది. ఇంకోటి, బాపు పెరిగిన గ్రంథిని తగ్గించే ఫినాస్టెరైడ్ గానీ డ్యూటాస్టెరైడ్ గానీ ఆరు నెలలకు మించి వాడితే పీఎస్ఏ సగానికి పడిపోతది, 9.2ను అప్పుడు 18 లెక్క చూడాలె, డాక్టరుకు తప్పక చెప్పండి. రెండేండ్లు ఆలస్యం చేసినమని మనసుల పెట్టుకోకండి, రాత్రి లేసుడు చానా వరకు పెరిగిన గ్రంథి వల్లనే, క్యాన్సర్ ఎక్కువగ గ్రంథి అంచుల మొదలైతది, మొదట్ల ఏ బాధా చూపించది.

ఇగ ముందుముందు సంగతి. గ్లీసన్ అంటే క్యాన్సర్ గ్రంథుల తీరు చూసి మేం వేసే మార్కు. 3+4 అంటే ఎక్కువ భాగం నెమ్మదిగ పెరిగే మూడో రకం, కొంత భాగం దానికంటె చెడ్డ నాలుగో రకం. 4+3 గూడ 7ఏ కానీ అది ఇంకా చెడ్డది. ఆ నాలుగో రకం ఎంత శాతం ఉందో డాక్టరును అడగండి, వైద్యం దాని మీద మారుతది.

కానీ ఒకే గ్లీసన్ ఉన్న ఇద్దరిల ఒకరికి రోగం ఏండ్ల తరబడి కదలది, ఇంకొకరికి ఎముకలకు పాకుతది. ఎందుకని వెతికేటోళ్లే గడ్డల ప్రొటీన్లను చదువుతున్నరు. జీన్ అంటే పత్తి విత్తనం ప్యాకెట్ మీద రాసిన మాట, ప్రొటీన్ అంటే చేన్ల నిజంగ మొలిచింది. మాస్ స్పెక్ట్రోమీటరనే మిషన్‌తోని ప్రొటీన్ ముక్కలను బరువు తూచి వేల రకాలను ఒక్కసారే గుర్తుపడ్తరు. చిక్కు ఏందంటే ముక్కల క్యాన్సర్‌తోపాటు మంచి గ్రంథి, కండరం కలిసే ఉంటయి, ఫార్మలిన్ ప్రొటీన్లను ఒకదానికొకటి అతికిస్తది, పైగా ఒకే ప్రోస్టేట్‌ల రెండు మూడు గడ్డలు వేరే వేరే గుణాలతోని ఉంటయి, సూది ఏది తాకిందో అదే మనకు తెలుస్తది. అందుకే ఒక ల్యాబుల దొరికిన గుర్తు ఇంకో ఊరి రోగులల్ల నిలవకపోవుడు చానా చూస్తం. నిలబడ్డయి గూడ ఉన్నయి. పీటెన్ అనే ప్రొటీన్ కణం పెరుగుడుకు బ్రేకు వేస్తది, అది మాయమైన గడ్డలు మొండివి. కేఐ-67 ఎన్ని కణాలు విభజన అయితున్నయో చూపిస్తది. ఇవి అన్ని ల్యాబులల్ల మామూలుగ చెయ్యరు. క్యాన్సర్ కణం పైన ఎక్కువుండే పీఎస్ఎంఏ అయితే స్కాన్ దాకా వచ్చింది, దాన్ని అతుక్కునే గాలియం మందు ఎక్కించి పెట్ అనే స్కాన్ తీస్తే పాకిన చోటు వెలుగుతది. అందరికీ అవసరం పడది.

బాపుకు చెప్పండి తమ్ముడూ, ఆయన ఒంటి సంగతి ఆయనకు తెల్వకుండ ఆపరేషనా, రేడియేషనా, కొన్నాళ్లు కనిపెట్టుకొని ఉండుడా అనేది ఎట్ల తేలుస్తరు? ల్యాబుకు పోయి రిపోర్టుతోపాటు స్లైడ్లు, మైనం బ్లాకులు అడిగి, రసీదు రాసిచ్చి తీస్కోండి. హైదరాబాద్‌ల ఎంఎన్‌జె క్యాన్సర్ దవాఖానల గానీ ఇంకెక్కడన్న గానీ రెండో అభిప్రాయానికి పోయినా, రేపు కొత్త రంగు పరీక్ష చెయ్యాలన్నా ఆ బ్లాకే కావాలె, మళ్ల సూది గుచ్చే బాధ తప్పొచ్చు. అది మైనం, ఎండల బండి డిక్కిల పెట్టకండి, డబ్బాల వేసి ఇంట్ల చల్లటి అల్మారాల ఉంచండి, డబ్బా మీద బాపు పేరు, ల్యాబు నంబరు, తారీఖు రాయండి.