యానాం నడిపించే ముందు

అమ్మలూ,

వచ్చే ఆదివారం పదిమందిని వెంటబెట్టుకుని యానాం చూపిస్తావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఊరంతా చెప్పుకోవాలనిపించింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు, ఒకటే టెన్షన్.

ఎండ ముదరకముందే బయల్దేరండి. నీళ్లు, టోపీలు ఉండాలి. గంటన్నర దాటనివ్వకు.

1846లో కట్టడం పూర్తయిన సెయింట్ ఆన్స్ చర్చి ముందు చూపించు. తర్వాత మసీదు, ఆపైన మీసాల వెంకన్న గుడి. స్వామికి మీసాలేంటని అడిగితే నువ్వు చెప్పకు, లోపలికెళ్లి చూసి రమ్మను. ఫ్రెంచివాళ్లు 1723లో వర్తకానికి వచ్చారనీ, 1954 నవంబరు 1న పాలన మన చేతికొచ్చిందనీ చెబితే సంవత్సరాలు చాలు. 1930లో బాల్యవివాహాల్ని అడ్డుకునే శారదా చట్టం అమల్లోకి వచ్చాక, అది చెల్లని ఫ్రెంచి ఊరని పెళ్లివారు పిల్లల్ని తీసుకొచ్చి ఇక్కడ పెళ్లిళ్లు చేసేవారు. కళ్యాణపురం అన్న పేరు అందుకే. దాన్ని నవ్వులాటగా చెప్పావంటే నాకు కోపం వస్తుంది. మా అమ్మ అలా వచ్చిన పెళ్లికూతురే. అప్పటికి తొమ్మిదేళ్లు.

ఇక రేవు. ముప్పయ్యేళ్ల కిందట బడి పిల్లల్ని నేనూ తీసుకెళ్లాను. ఇసుకలో వల ఆరేసి ఉంది. గౌతమి నుంచి కోరంగి పాయ చీలేచోటు చూపించాలన్న హడావిడి నాది. చుట్టూ తిరగడమెందుకని చెప్పులతోనే పిల్లల్ని వల మీదుగా నడిపించాను. ఒకడి చెప్పు బకిల్ తగులుకుని జానెడు మేర చిరిగింది. ఎవరూ అరవలేదు. ఒక పెద్దాయన వచ్చి కూర్చుని, చిరుగును మోకాలి మీద పరుచుకుని, సూది తీసి ఒక్కో కన్నూ కట్టడం మొదలుపెట్టాడు. నేను జేబులోంచి ఇరవై రూపాయలు తీశాను. ఆయన తలెత్తి, "డబ్బులెందుకు మాస్టారూ, చెప్పులు విడిస్తే సరిపోయేది" అన్నాడు. పిల్లలందరూ నా మొహమే చూస్తున్నారు. తప్పయిందని చెప్పడానికి నోరు రాలేదు. మర్నాడు ఒక్కణ్ణే వెళ్లాను. ఆయన వేటకి వెళ్లిపోయాడు. మళ్లీ కనబడలేదు.

అందుకే నువ్వు శనివారమే రేవుకి వెళ్లు. ఆదివారం ఇలా వస్తున్నాం, ఎటునుంచి నడవమంటారని అక్కడివాళ్లని అడుగు. అడక్కుండా ఎవరి ఇంటి అరుగు మీదా కెమెరా పెట్టకండి.

మెట్ల దగ్గర పాచి ఉంటుంది, నీకు ఈత రాదు. ఫొటో కోసం చివరి మెట్టుదాకా దిగావో, నీతో మాట్లాడను. చిన్నప్పుడు గోదారి కనబడగానే నా పంచె కొంగు గుప్పిట్లో పట్టుకుని ఇంటికొచ్చేదాకా వదిలేదానివి కాదు. ఆ రోజు ఎవరి చెయ్యయినా పట్టుకో.

పొద్దున్నుంచీ ఫోన్ పక్కనే కూర్చుంటాను. అయిపోగానే ఒక్క ఫోన్ చెయ్యి.

మీ తాతయ్య