డబుల్ ఎక్స్‌పోజర్‌లో ఒళ్ళు నల్లగా ఉంటేనే ఆకు పడుతుంది

మీ సమస్య నాకు అర్థమైనంతలో ఇది: 35 ఎంఎం ఫిల్మ్ కెమెరాలో మీ పక్కముఖం నిండా ఆకులు కనబడేలా డబుల్ ఎక్స్‌పోజర్ (ఒకే ఫ్రేము మీద రెండు షాట్లు) తీశారు, రెండు షాట్లనూ ఒక్కో స్టాప్ (అంటే వెలుగు సగానికి) తగ్గించారు, చివరికి మనిషేదో ఆకేదో తెలియని బూడిదరంగు ముద్ద వచ్చింది.

ఒక్కో స్టాప్ తగ్గించమనే సూత్రం రెండు మామూలు దృశ్యాలను ఒకదాని మీద ఒకటి వేసేటప్పటిది. మీ బొమ్మకి అది పనికిరాదు. ఫిల్మ్ మీద వెలుగు కూడుతూ పోతుందే తప్ప తగ్గదు. మొదటి షాట్‌లో వెలుగు పడని చోట రెండోది శుభ్రంగా పడుతుంది, అప్పటికే వెలుగుతో నిండిన చోట దాని జాడే ఉండదు. కాబట్టి మొదటి షాట్‌లో ఒళ్ళు నీడలా నల్లగా పడాలి, వెనక ఆకాశం తెల్లగా మండిపోవాలి. మీరు ఆకాశాన్ని కూడా తగ్గించేశారు, అందుకే ఆకులు అక్కడా పడ్డాయి.

మబ్బు సమంగా కమ్మిన తెల్లటి ఆకాశం ఎంచుకోండి. కెమెరాని నేరుగా ఆకాశం వైపు తిప్పి మీటర్ (వెలుగు కొలత) చూసి, దానికి రెండు స్టాపులు పెంచండి. మీటర్ లెన్స్ రంధ్రం ఎఫ్/8 దగ్గర షటర్ వేగం 1/1000 సెకను చూపిస్తే మీరు పెట్టాల్సింది 1/250. తర్వాత మనిషి దగ్గరికి వెళ్ళి, ఫ్రేము నిండా ఒళ్ళే ఉండేలా పట్టి మళ్ళీ చూడండి. 1/30 వస్తే ఆకాశానికీ ఒంటికీ ఐదు స్టాపుల తేడా ఉన్నట్టు, ఒళ్ళు దాదాపు పూర్తి నలుపు. 1/60 వస్తే కన్ను, చెవి ఆకుల కింద లీలగా మిగులుతాయి. నేను ఎక్కువగా కోరుకునేది ఇదే, ఎవరో ఒక మనిషి ఆకారం కాకుండా ఫలానా మనిషి అని తెలుస్తుంది. 1/125 వచ్చిందంటే మళ్ళీ ముద్దే. బట్టలేని భుజం మీద పక్క నుంచి వెలుగు పడినా అంతే, ఆ మేర ఆకు కనబడదు. పక్కముఖం ఎంచుకోవడం మంచి పనే. నల్లటి ఆకారంగా తీసినప్పుడు ఎదురుగా చూసే ముఖం గుడ్డులా ఉంటుంది.

మిమ్మల్ని మీరే తీసుకుంటుంటే, నిలబడబోయే చోట ఒక కర్ర పాతి దాని మీద ఫోకస్ చేయండి. 50 ఎంఎం లెన్స్, ఎఫ్/8, 3 మీటర్ల దూరం అయితే సుమారు 2.3 నుంచి 4.2 మీటర్ల దాకా స్పష్టంగా ఉంటుంది, కాబట్టి సెల్ఫ్ టైమర్ నొక్కి పరిగెత్తినా ఫరవాలేదు. తల ఫ్రేములో ఎక్కడుందో కాగితం మీద గీసి పెట్టుకోండి. కెమెరా నిలువా అడ్డమా అన్నది కూడా రాయండి, ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే.

రెండో షాట్‌కి ఆకు మీదే మీటర్ చూసి, వచ్చింది వచ్చినట్టు పెట్టండి, తగ్గించొద్దు. వెనక నుంచి ఎండ పడి ఈనెలు కనబడే ఆకు, దాని వెనక చీకటి పొద ఉంటే చాలా బాగుంటుంది. ఆకుల సందుల్లోంచి ఆకాశం తొంగి చూడకూడదు. ఆ తెల్లటి చుక్క ముక్కు అంచు మీద పడిందంటే ముక్కు అక్కడ తెగిపోయి ఆకాశంలో కలిసిపోతుంది. గాలి ఉంటే 1/250కి తగ్గొద్దు. శరీరాన్నీ నేలనీ ఇలా కలపడం కొత్తేమీ కాదు, అమెరికన్ ఫొటోగ్రాఫర్ హ్యారీ క్యాలహన్ 1958లో ఫ్రాన్స్‌లోని ఎక్సాన్ ప్రోవాన్స్‌లో తన భార్య ఎలియనార్‌తో చేసిన డబుల్ ఎక్స్‌పోజర్లు ఒకసారి చూడండి.

నికాన్ ఎఫ్‌ఎం2 లాంటి కెమెరాల్లో ఫిల్మ్ కదలకుండా షటర్ బిగించే మల్టిపుల్ ఎక్స్‌పోజర్ లీవర్ ఉంటుంది. పెంటాక్స్ కె1000 లాంటి వాటిలో ఉండదు, వాటితో ఇలా చేయండి. మొదటి షాట్ తర్వాత రివైండ్ నాబ్‌ని మెల్లగా తిప్పి ఫిల్మ్ వదులు తీసేయండి, నాబ్‌ని అలాగే పట్టుకుని కింద ఉన్న రివైండ్ బటన్ నొక్కి అడ్వాన్స్ లీవర్ లాగండి. షటర్ బిగుసుకుంటుంది, ఫిల్మ్ కదలదు. కదిలినా ఒకటి రెండు మిల్లీమీటర్లే. రెండో షాట్ అయ్యాక లెన్స్‌కి మూత పెట్టి ఒక ఖాళీ ఫ్రేము కొట్టండి, లేకపోతే తర్వాతి బొమ్మ దీని అంచు మీద ఎక్కొచ్చు.

డెవలప్ చేసేటప్పుడు పుష్ చేయొద్దు, అంటే మామూలు కంటే ఎక్కువసేపు డెవలప్ చేయొద్దు. పుష్ చేస్తే ఆకాశం ఇంకా దట్టమవుతుంది కానీ నీడల్లో లేని వివరం రాదు. హెచ్‌పీ5 ప్లస్ అనే నలుపు తెలుపు ఫిల్మ్‌ని ఐఎస్ఓ 400 దగ్గరే తీసి, ఐడీ-11 డెవలపర్‌ని 1+1గా (ఒక వంతుకి ఒక వంతు నీళ్ళు) కలిపి 20 డిగ్రీల సెల్సియస్‌లో 13 నిమిషాలు ఉంచితే సరిపోతుంది. స్కాన్ బయట చేయిస్తే ఆటోమేటిక్ దిద్దుబాటు ఆపమని చెప్పండి. అది తెల్లటి ఆకాశాన్ని బూడిదరంగుకి లాగేస్తుంది, నెగెటివ్ బాగున్నా మీరు మళ్ళీ ఆ ముద్దనే చూస్తారు.